జెల్లో అని అరిచిన గొంతు

మిన్నెసోటా మొత్తం గాలించినా మా టాలెఫ్‌సన్ల ఇంటి కంటే ప్రశాంతమైన ఇల్లు దొరకదు. మా ఇంట్లో గొంతు పెంచే మనుషులే లేరు. తలుపు వేస్తే చప్పుడవదు. మా అమ్మా నాన్నా పెళ్ళైన దగ్గర్నుంచీ ఒక్కసారే దెబ్బలాడుకున్నారు, అదీ గుసగుసగా.

నేను ఇలా అనుకుంటూ ఉండగానే మాంసం, ఆలూ కలిపి ఓవెన్‌లో వండిన హాట్‌డిష్ గిన్నె నా చెవి పక్కనుంచి దూసుకెళ్ళి ఫ్రిజ్‌కి తగిలింది.

ఫ్రిజ్‌కి అంటుకున్న ఆలూ ముక్కలు ఒకటొకటే కిందికి జారడం మొదలుపెట్టాయి. ఏ ముక్కా తొందరపడలేదు. మా ఇంటి పద్ధతి వాటికీ అబ్బింది.

"ఎవరికీ తగల్లేదుగా?" అన్నాడు నాన్న. ఆయన ఫోర్క్ ఇంకా గాల్లోనే ఉంది.

"తగలాలని విసిరితే తగిలేదే," అంది సోల్వీ అక్క. "నేను గురి తప్పను. ఆ సంగతి మా కోచ్‌కి తప్ప అందరికీ తెలుసు."

అమ్మకి కోపమొస్తే గొంతు పెంచదు, పేరు పెంచుతుంది. "సోల్వేగ్ మేరీ టాలెఫ్‌సన్," అంది. "అది మీ అమ్మమ్మ గిన్నె."

"గిన్నెకేం కాలేదు. ఫ్రిజ్‌కే సొట్ట పడింది," అన్నాడు నాన్న, ఇదేదో శుభవార్త అయినట్టు.

"రేపు కూడా బెంచీయేనట!" అంది అక్క. "క్వార్టర్‌ఫైనల్ అంతా బెంచీ మీదే కూర్చోబెట్టింది. రేపు సెమీఫైనల్‌కీ అంతేనట. కెప్టెన్ పట్టీ నా చేతినుంచి ఊడబీకి కెండ్రాకి కట్టింది. అది త్రో-ఇన్ వేస్తే బంతి వెనక్కి పోతుంది. నాకిది కాలేజీలో నాలుగో ఏడు, ఆఖరిది అమ్మా. రేపు మీ జట్టు మమ్మల్ని ఓడిస్తే నా ఆట ఇంక అయిపోయినట్టే. మంచినీళ్ళ సీసాలు అందిస్తూ అయిపోతుంది."

"మీ కోచ్‌కి ఫోన్ చేసి ఏం చెప్పమంటావ్? నేను అవతలి జట్టు కోచ్‌ని. 'మీ కెప్టెన్‌ని ఆడించండి, లేకపోతే మావాళ్ళకి మజా ఉండదు' అనా?"

"ఫోన్లేం వద్దు. నన్ను నమ్ముతున్నానని చెప్పు, చాలు."

"నువ్వు అరవలేదని నాకు తెలుసు."

"నమ్ముతున్నానని చెప్పమంటే తెలుసు అంటావేంటి? నీకెలా తెలుసు?"

అమ్మ గుడ్డ తీసుకుని ఫ్రిజ్ తుడవడం మొదలుపెట్టింది. హాట్‌డిష్ పడని వైపు తుడిచింది.

అక్క కాసేపు అమ్మ వీపు వైపు చూసింది. తర్వాత కోటు తొడుక్కుని, బంతి చంకలో పెట్టుకుని మంచులోకి వెళ్ళిపోయింది. మరుక్షణం గారేజ్ తలుపు మీద ధన్‌మని దెబ్బ. మళ్ళీ ఇంకోటి. నదికి అవతల ఉన్న అక్క వాళ్ళ హాల్వర్సన్ కాలేజీ దాకా వినబడి ఉంటుంది. వినబడాలనే కొట్టింది.

"నేను కిందకి వెళ్తున్నాను," అంది అమ్మ గుడ్డని సింకులో పడేసి. "బ్రిట్టా, రేపు గోల్‌లో నువ్వే. మన గోల్‌కీపర్ మై యీ వేలు రెండు చోట్ల విరిగిందట. పెందరాళే పడుకో."

"అలాగే కోచ్," అన్నాను.

"ఇంట్లో అమ్మా అను."

"అలాగే అమ్మా కోచ్."

మామూలుగా అయితే దీనికి కనీసం పెదవి వంకర చేసేది. ఇప్పుడు మెట్లు దిగి వెళ్ళిపోయింది.

గొడవ దేనిగురించో పోయిన వారం నుంచీ నాతో ఉన్నవాళ్ళకి తెలుసు. మిగతావాళ్ళకి జెల్లో గురించి చెప్పాలి.

హాల్వర్సన్ అమ్మాయిలు కార్నర్ కిక్ కొట్టేముందు ఒక తిండి పేరు అరుస్తారు. ఉప్పటి తిండి పేరు వినబడితే అందరూ దగ్గరి గోల్ స్తంభం వైపు పరిగెత్తాలి. తియ్యటిదైతే దూరపు స్తంభం వైపు. ఆలూతో చేసే టేటర్ టాట్ అంటే దగ్గర, బ్రౌనీ అంటే దూరం. ఇంతవరకు చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది.

చిక్కల్లా జెల్లోతోనే. అదొక వణికే తియ్యటి జెల్లీ. ఆకుపచ్చ జెల్లోలో క్యారెట్ తురుము కలిపి, నెత్తిన ఇంత మయొనైజ్ పెట్టి, చర్చి భోజనాల్లో సాలడ్‌ల బల్ల మీద పెడతారు. తింటే తియ్యగా ఉంటుంది. అది సాలడో మిఠాయో మా జిల్లాలో ఇంతవరకు తేలలేదు. ఆ విషయం మీద విడాకులు తీసుకున్న జంటలు నాకు తెలుసు. అందుకే జెల్లో అన్న మాట మైదానంలో ఎవరి నోటా రాకూడదని వాళ్ళ జట్టులో ఒక రూల్ ఉంది. పెట్టింది సోల్వీ అక్కే.

లీగ్‌లో ఆఖరి మ్యాచ్ మా కాలేజీ ఎల్మ్ ఫాల్స్‌కీ వాళ్ళకీ. చెరో గోలు. ఆట అయిపోవస్తోంది. అక్క మైదానం మూల జెండా దగ్గర బంతి పెట్టి "టేటర్ టాట్!" అని అరిచి కొట్టబోతుంటే, అక్క గొంతే మళ్ళీ "జెల్లో!" అని అరిచింది.

హాల్వర్సన్ జట్టు రెండు మతాలుగా చీలిపోయింది. సాలడ్ మతం వాళ్ళు ఇటు, మిఠాయి మతం వాళ్ళు అటు. మధ్యలో ఇద్దరు మతం మార్చుకుందామని తిరిగి ఒకళ్ళ నుదురు ఒకళ్ళు గుద్దుకున్నారు. బంతి మావాళ్ళ కాళ్ళకి దొరికింది. అక్కణ్ణుంచి నేరుగా వాళ్ళ గోల్‌లోకి పోయింది.

దాంతో మాకు రెండో స్థానం వచ్చింది, వాళ్ళు మూడోదానికి పడ్డారు. రెండో స్థానం వాళ్ళు క్వార్టర్‌ఫైనల్ ఆడక్కర్లేదు, సెమీఫైనల్ సొంత మైదానంలో ఆడతారు. మూడో స్థానం వాళ్ళు ఒక మ్యాచ్ ఎక్కువ ఆడి, అలసిపోయి, మా మైదానానికి రావాలి. రేపు వస్తున్నారు.

వాళ్ళ కోచ్ విట్లాక్ అక్కని జట్టు ముందు నిలబెట్టి అడిగిందట. "రూల్ పెట్టింది నువ్వు. అరిచిన గొంతు నీది. లాభపడింది మీ అమ్మ. నేనేమనుకోవాలో నువ్వే చెప్పు."

అక్క ఏం చెప్తుంది పాపం. అరిచింది అక్క కాదు.

నేను.

అక్క గొంతు నాకెంత బాగా వచ్చంటే, అక్కకి జలుబు చేస్తే నాకు దగ్గొస్తుంది. అక్క గొంతుతో పళ్ళ డాక్టర్ అపాయింట్‌మెంట్లు రద్దు చేశాను. అక్క గొంతుతో ఒక అబ్బాయిని వదిలేశాను. వాడు ఏడిస్తే జాలేసి, అక్క గొంతుతోనే మళ్ళీ కలుపుకున్నాను. ఈ మధ్యలో వాడికీ అక్కకీ ఏం జరిగిందో ఇప్పటికీ ఇద్దరికీ తెలీదు.

ఆ రోజు ఎందుకరిచానంటే, నవ్వొస్తుందని. సీజన్ మొదలైనప్పట్నుంచీ బెంచీని వెచ్చగా ఉంచుతున్న రెండో గోల్‌కీపర్‌కి వేరే పనేముంటుంది? వాళ్ళు ఒకరి మీద ఒకరు పడతారు, మేం నవ్వుకుంటాం, అక్క ఇంటికొచ్చి నా పీక పిసుకుతుంది. అంతవరకే ఆలోచించాను. గోల్ పడుతుందని ఎవరనుకున్నారు? మావాళ్ళకి ఖాళీ గోల్ చూపించినా బంతి పార్కింగ్‌లోకి కొడతారు.

మర్నాడు చెప్పేద్దామనుకున్నాను. అంతలో అక్క పట్టీ పోయింది. అక్కకి కోపం తగ్గాక చెప్దామనుకున్నాను. అక్కకి కోపం తగ్గలేదు. నిన్న ప్రాక్టీసులో మా మొదటి గోల్‌కీపర్ మై యీ వేలు విరిగింది. అమ్మ జట్టులో ఒక రూల్ ఉంది. మోసం చేసినవాళ్ళు తర్వాతి మ్యాచ్ ఆడరు, ఎవరి కూతురైనా సరే. ఇప్పుడు నేను నోరు విప్పితే రేపు మా గోల్‌లో నిలబడ్డానికి మనిషి లేదు. విప్పకపోతే అక్క ఆఖరి ఆట మంచినీళ్ళ సీసాలతో ముగుస్తుంది.

ఇంకో ముక్క కూడా ఉంది. రేపు గోల్‌లో నిలబడాలని నాకు చాలా కోరికగా ఉంది. నవ్వులాటకి అనడంలేదు.

నేనూ నాన్నా ఫ్రిజ్ గీకుతున్నాం. నాన్న రేపటి కోసం రెండు కాలేజీల మఫ్లర్లూ చెరిసగం కత్తిరించి కలిపి కుట్టుకున్నాడు. ఎవరు గోల్ కొట్టినా ఆయన ఒక చేత్తోనే చప్పట్లు కొడతాడు, మోకాలి మీద.

"మీ అమ్మనీ అక్కనీ ఒకే అచ్చులో పోశారు," అన్నాడు గరిటెతో గోకుతూ. "ఒకళ్ళు ముందు 'సరేలే' అంటే రెండో వాళ్ళు వెంటనే 'సరేలే' అంటారు. ముందనేవాళ్ళే దొరకరు."

"ఎవరో ఒకరు అనాలి కదా నాన్నా?"

"అనాలి."

"ఎవరంటే ఏముంది? ఆ మాట వినబడితే చాలు కదా?"

నాన్న గరిటె ఆపాడు. "నువ్వు మొహం అలా పెట్టినప్పుడల్లా మన ఇంటి ఇన్సూరెన్స్ పెరుగుతుంది."

"ఎలా పెట్టాను?"

"ఇదిగో, ఇలా అమాయకంగా."

"నా మొహమే అంత."

"కాదు. నీ మొహం నాకు తెలుసు." మళ్ళీ గోకడం మొదలుపెట్టాడు. కాసేపటికి అటు తిరిగే అన్నాడు, "మీ అక్క పొద్దున బూట్లు తుడిచింది చూశావా? ఆడనివ్వరని తెలిసీ తుడిచింది. అడుగున ఇరుక్కున్న మట్టి కూడా పుల్లతో తీసింది."

నేను అప్పటికే శుభ్రమైన చోటే మళ్ళీ గీకాను.

అప్పుడొచ్చింది నాకు ఆ మహత్తరమైన ఆలోచన. అక్క గొంతుతో అమ్మకి సారీ చెప్తాను. అమ్మ కరుగుతుంది. తర్వాత అమ్మ గొంతుతో అక్కకి చెప్తాను. అక్క కరుగుతుంది. కరిగిన ఇద్దరూ కలిసి కోచ్ విట్లాక్‌ని కరిగిస్తారు. అక్క ఆడుతుంది. నేనూ ఆడతాను. ఎవరూ ఎవరికీ ఏదీ ఒప్పుకోనక్కర్లేదు. ఇంత చక్కటి పథకం దేశాధ్యక్షులకి కూడా తట్టదు.

ఇంటి కింద బట్టలుతికే గదే అమ్మ ఆఫీసు. బట్టలారబెట్టే మిషన్ రేకు మీద మా నంబర్లున్న అయస్కాంతం బిళ్ళలు అతికించి జట్టుని నిలబెడుతుంది. మిషన్ తిరుగుతుంటే మా రక్షణ వరసంతా వణుకుతుంది. మైదానంలోనూ అంతే.

తలుపు దగ్గరగా వేసి ఉంది. నేను మెట్ల కింద నిలబడి గొంతు సవరించుకున్నాను. గారేజ్ తలుపు మీద దెబ్బలు ఎప్పుడో ఆగిపోయాయని ఇంత మేధావికీ తట్టలేదు.

"అమ్మా," అన్నాను అక్క గొంతుతో. చివర్లో కొంచెం బొంగురు కూడా పెట్టాను. "ఇందాక గిన్నె విసిరినందుకు సారీ. రేపు మీరే గెలిచినా నాకు కోపం లేదు. ఒక్కసారి మా కోచ్‌తో మాట్లాడవూ? నాకోసం."

లోపల మిషన్ తిరుగుతోంది. ఎవరిదో జిప్పు టకటకా కొట్టుకుంటోంది.

"బ్రిట్టా," అంది అమ్మ. "లోపలికి రా."

"నేను సోల్వీనే," అన్నాను ఇంకా అక్క గొంతుతోనే. పని మధ్యలో వదిలేసే అలవాటు నాకు లేదు.

"సోల్వీకి సారీ అనే మాట రాదు. 'అయిందేదో అయింది' అంటుంది. లోపలికి రా."

వెళ్ళాను. అమ్మ నేల మీద కూర్చుని ఉంది. చేతిలో ఒక బిళ్ళ. దాని మీద నా నంబరు.

"గోడ అవతల తుమ్మినా మీ ఇద్దర్లో ఎవరో చెప్తాను," అంది అమ్మ. "ఇద్దరికీ పాలు పట్టినదాన్ని. నాతోనా నీ వేషాలు?"

"నాన్న కూడా మోసపోతాడు."

"మీ నాన్న ఫోన్లో వాతావరణం చెప్పే రికార్డింగ్‌తో కూడా మాట్లాడతాడు."

నవ్వబోయాను. సగంలో ఆగిపోయాను. గోడ అవతల తుమ్మినా చెప్పగలిగితే, మైదానంలో, పక్క బెంచీ మీంచి అరిస్తే?

"అమ్మా," అన్నాను. ఈసారి నా గొంతుతోనే. "ఆ రోజు నీకు..."

అమ్మ బిళ్ళని వేళ్ళ మధ్య తిప్పుతోంది.

"జెల్లో అన్నప్పుడే తెలిసింది," అంది. "మీ అక్కలా మొదలుపెట్టి నీలా ముగించావ్. చివర్లో నవ్వొస్తోంది నీకు."

"మరి అప్పుడే నన్ను పట్టుకోలేదేం?"

"నువ్వే చెప్తావని చూశాను. మొదటి రోజు నిజంగా అందుకే ఊరుకున్నాను." అమ్మ మాట్లాడుతున్నది నాతో కాదు, మిషన్‌తో. "మర్నాడు నేనే విట్లాక్‌కి ఫోన్ చేద్దామని చేతిలోకి తీసుకున్నాను. అంతలో పట్టిక వచ్చింది. మనకి రెండో స్థానం. పదకొండేళ్ళనుంచీ ఈ జట్టుని పట్టుకుని ఉన్నాను బ్రిట్టా. మన గడ్డి మీద ఒక్క సెమీఫైనల్ ఆడలేదు. ఒక్కరోజు ఆగుదాం అనుకున్నాను. తర్వాత మై యీ వేలు విరిగింది. ఇంక నిన్ను కూర్చోబెడితే గోల్‌లో నిలబెట్టడానికి ఎవరున్నారు?"

"అక్క సంగతి?"

"సోల్వీ తట్టుకుంటుందనుకున్నాను. అది గట్టిది."

"ఆపావేం? చెప్పమ్మా," అంది వెనకనుంచి అక్క గొంతు.

ఈసారి అది నేను కాదు. ఒట్టు.

అక్క మెట్ల మధ్యలో నిలబడి ఉంది. బూట్ల మీది మంచు కరిగి ఒక్కో మెట్టూ దిగుతోంది. చంకలో బంతి అలాగే ఉంది. ఎంతసేపట్నుంచి నిలబడిందో బుగ్గల్ని బట్టి తెలియడంలేదు. చలికి ముందే ఎర్రబడి ఉన్నాయి.

"అందుకా 'తెలుసు' అన్నావ్," అంది అమ్మతో. "నమ్ముతున్నాను అని నోరు రాకపోయింది అందుకా."

అమ్మ లేవబోయింది. లేవలేదు.

"సోల్వీ, నేను రేపు మ్యాచ్ అయ్యాక..."

"మ్యాచ్ అయ్యాక నాకు ఏం మిగుల్తుందని?"

మిషన్ ఆగింది. ఇంట్లో నిజంగానే చప్పుడు లేదు ఇప్పుడు. నాన్న పైనుంచి తొంగిచూసి, చేతిలో గిన్నెతో రెండు మెట్లు దిగి ఆగిపోయాడు.

అక్క నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పవే. అరిచింది నువ్వేనా?"

ఇలాంటప్పుడు నాకు జోకు వస్తుంది. ఎప్పుడూ వస్తుంది. చర్చిలో వస్తుంది, శవపేటిక పక్కన వస్తుంది. "జెల్లో సాలడే అని తేల్చడానికి అరిచాను" అనబోయాను. సగం నోరు తెరిచాను కూడా. అక్క కళ్ళు నా నోటి మీదే ఉన్నాయి.

"నేనే," అన్నాను.

"నా గొంతుతో."

"నీ గొంతుతో."

"అక్కడ అందరూ నన్ను దొంగని చేశారు, నువ్వేమో ఈ ఇంట్లో నా పక్కన కూర్చుని తిన్నావ్. ఉప్పు అందించమని అడిగావ్."

"అడిగాను."

విసరడానికి ఆ గదిలో బోలెడు వస్తువులున్నాయి. సబ్బు డబ్బా ఉంది, ఇస్త్రీపెట్టె ఉంది, చంకలో బంతి ఉంది. అక్క ఏదీ విసరలేదు. విసిరితే నాకు ప్రాణం లేచొచ్చేది.

కోటు జేబులోంచి ఫోన్ తీసి నంబరు నొక్కింది. స్పీకర్ పెట్టి, నాకూ అమ్మకీ మధ్య చెయ్యి చాపింది. "మీ ఇద్దర్లో ఎవరు మాట్లాడతారో మీరే తేల్చుకోండి."

ఫోన్ మోగుతోంది. అమ్మ చెయ్యి లేచింది. ఆ చేతిలో ఇంకా నా బిళ్ళ ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చుట్టూ చూసింది. అంతలో అవతల ఎత్తారు.

"సోల్వీ, చెప్పాను కదమ్మా," అంది కోచ్ విట్లాక్. "రేపటి గురించి ఇంక మాటల్లేవు."

అమ్మ నోరు తెరుచుకుంది. బిళ్ళ వైపు చూసి మళ్ళీ మూసుకుంది.

ఫోన్ నేను తీసుకున్నాను.

"నేను సోల్వీని కాదు కోచ్. బ్రిట్టాని. సోల్వీ చెల్లెల్ని."

"సోల్వీ, ఆటలొద్దు."

"నిజంగా బ్రిట్టానే. ఆ రోజు జెల్లో అని అరిచింది నేను. మా బెంచీ మీంచి."

"ఇప్పుడు చెల్లెలి మీదకి నెడుతున్నావా? ఆ పిల్ల గొంతు పెట్టుకుని? నీమీద మిగిలిన కాస్త గౌరవం కూడా..."

నా జన్మలో మొదటిసారి నా గొంతుతో నేను మాట్లాడుతుంటే, అది కూడా దొంగ గొంతే అంటున్నారు. ఇంకెవరికైనా జరిగి ఉంటే నేను నేల మీద దొర్లి నవ్వేదాన్ని.

"నేనిక్కడే ఉన్నాను కోచ్," అంది అక్క పక్కనుంచి, నెమ్మదిగా. "మాట్లాడుతున్నది బ్రిట్టానే."

నేను ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకున్నాను.

"కోచ్," అన్నాను. "అక్క టేటర్ టాట్ అనే అంది. మీ జెల్లో రూల్ గురించి అక్క భోజనాల దగ్గర చెప్తే విన్నాను. నవ్వులాటకి అరిచాను. గోల్ పడుతుందనుకోలేదు. అక్క పట్టీ తీసేశారని తెలిసి కూడా చెప్పలేదు. రేపు గోల్‌లో నిలబడాలనే ఆశతోనే చెప్పలేదు. అక్కకి ఏమీ తెలీదు. రేపు మైదానంలో మీ జట్టందరి ముందూ ఇదే చెప్పమంటే చెప్తాను."

అవతల కుర్చీ జరిపిన చప్పుడు. తర్వాత కోచ్ విట్లాక్ గొంతు, ఇందాకటి గొంతు కాదు.

"సరే బ్రిట్టా. ఒక్క సంగతి అడుగుతాను. ఆ రోజునుంచీ ఈ రోజుదాకా, నువ్వు తప్ప ఇది ఇంకెవరికైనా తెలుసా?"

ఫోన్ స్పీకర్‌లోనే ఉంది. నలుగురం విన్నాం.